పచ్చ చొక్కా

కరీం సాబ్ పోలీసు జీపు ముందు చక్రానికి తల ఆనించి పడుకున్నాడు.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. వెనక సీట్లో బేడీలతో కూర్చున్న షారుక్ వంగి, "లెయ్యి నాయనా. ఎండకు పడిపోతావు, లెయ్యి" అని మెల్లగా అంటున్నాడు. ముసలాయన కదల్లేదు. పంచనామాకని మిల్లుకు తెచ్చిన కొడుకును ఇక్కడి నుంచి కోర్టుకు తీసుకుపోవాలంటే తన మీదుగానే పోవాలని ఒక్కసారి చెప్పి నోరు మూసుకున్నాడు. శెనక్కాయల మిల్లు ఆవరణంతా కూలీలతో నిండిపోయింది. సగం మంది చేతుల్లో ఫోన్లు లేచి ఉన్నాయి.

సి.ఐ. లక్ష్మీపతి ఆ ఫోన్లను చూశాడు, వాచీ చూసుకున్నాడు. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చి అట్టే కాలం కాలేదు. ఈ ఊరి ఎండ మీద, ఈ ఊరి మనుషుల మీద ఆయనకు ఒకే రకం కోపం.

"పక్కకు లాగండయ్యా" అన్నాడు.

"లాగితే ఆయప్ప మళ్ళా వచ్చి పండుకుంటాడు సార్. నేను లేపుతా."

స్కూటీ ఆపి దిగిన మనిషి పేరు నాజ్‌నీన్. అనంతపురంలో ప్రైవేటు డిటెక్టివ్. పెళ్ళి సంబంధాల వాకబులు, ఇన్సూరెన్సు తగాదాలు ఆమెకు తిండి పెడతాయి. హత్య కేసులు ఎప్పుడో గాని రావు. నిన్న సాయంత్రం కరీం సాబ్ ఆమె ఆఫీసు మెట్ల మీద కూర్చుని, తన కొడుకు కోడిని కూడా కోయలేడని చెప్పి ఏడ్చాడు. అది సాక్ష్యం కాదని ఆమె అప్పుడే చెప్పింది. అయినా వచ్చింది.

లక్ష్మీపతి ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"పెళ్ళి సంబంధాల డిటెక్టివ్ గారా! ఈ కుర్రాడికి ఇప్పట్లో సంబంధం కుదరదండీ. ఓ పద్నాలుగేళ్ళు ఆగి రండి."

"సంబంధాల ఎంక్వయిరీలో ఒకటి నేర్చుకున్నా సార్. పిల్లోని గురించి పక్కింటోళ్ళు ఏమి చెప్పినారనేది కాదు, ఏ మాటతో చెప్పినారనేది పట్టుకోవల్ల. మీ సాక్షి స్టేట్‌మెంటు మీరే రాసినారా?"

"నేనే రాశాను. అక్షరం పొల్లు పోకుండా."

"ఆమె అక్షరమా, మీ అక్షరమా?"

ఆయన ముఖం బిగుసుకుంది. నాజ్‌నీన్ ఆగలేదు. సాక్షిని ఆయన ఎదుటే నాలుగు ప్రశ్నలు అడుగుతానంది. సాక్షి గట్టిదైతే పోలీసులకు పోయేదేమీ లేదు, ముసలాయన తనంతట తనే లేస్తాడు. కాదంటే ఇవే ప్రశ్నలు రేపు కోర్టులో లాయరు అడుగుతాడు, అప్పుడు వినేది జడ్జి. ఫోన్లన్నీ సి.ఐ. వైపు తిరిగాయి.

"అరగంట" అన్నాడు లక్ష్మీపతి. "మీ ముచ్చట తీరాక వీడు రిమాండుకే."

నాజ్‌నీన్ చెయ్యి అందిస్తే కరీం సాబ్ లేచాడు. కానీ జీపు పక్క నుంచి కదల్లేదు.

కేసు చూడ్డానికి చాలా చిన్నది. మూడు రోజుల కింద, మగ్రిబ్ నమాజు వేళ దాటి చీకటి పడ్డాక, మిల్లు వాచ్‌మన్ బయ్యన్నను ఆవరణలోనే ఎవరో తల మీద కొట్టి చంపారు. పక్కన పెద్ద పానా ఒకటి దొరికింది. అది షారుక్‌ది. అతను ఈ మిల్లులో మెకానిక్. ఆ వేళకు వెనక షెడ్డులో ఒంటరిగా మిషను కింద దూరి పని చేస్తున్నానంటాడు. చూసినవాళ్ళు లేరు. శవం దగ్గర నుంచి పరుగెత్తిన మనిషిని చూసింది మాత్రం ఒకామె ఉంది. గింజలు ఏరే ఈశ్వరమ్మ. ఆమె స్టేట్‌మెంటులో ఉన్నది ఇంతే: ఆకుపచ్చ రంగు చొక్కా, పొట్ట మీద గ్రీజు మరక. ఆ రోజు షారుక్ తొడుక్కున్నది ఆకుపచ్చ చొక్కా. మెకానిక్ చొక్కా మీద గ్రీజు లేకపోతేనే వింత.

ఏరుడు షెడ్డులో పగలు కూడా తెల్లటి ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. పుచ్చు గింజ, రంగు తిరిగిన గింజ కళ్ళకు ఆనాలంటే ఆ వెలుతురు ఉండాలి. ఆడవాళ్ళు చేటలు ముందేసుకుని వరసగా కూర్చున్నారు. ఈశ్వరమ్మ చోటు ఆవరణ వైపు కిటికీ పక్కన. ఆమెకు యాభై దాటి ఉంటాయి. పోలీసులను చూసినా చేతులు ఆగలేదు.

రోజూ చీకటి పడకముందే ఇళ్ళకు పోతారట. ఆ రోజు లోడు పంపాల్సి ఉండటంతో ఆపేశారు. కిటికీ బయట బస్తాల వరస నిలువెత్తులో సగం దాకా ఉంది. బయ్యన్న అరుపు విని తలెత్తితే, ఆ బస్తాల మీదుగా మనిషి పైభాగం మాత్రం కనిపించిందంది.

"ఏమి చూసినావో నీ మాటల్లోనే చెప్పక్కా" అంది నాజ్‌నీన్.

"ఈ సారుకు చెప్పినా కదమ్మా. పచ్చ చొక్కా. కడుపు మీద నల్లగా మరక. గ్రీజు అనుకున్న్యా. ఎడం చెయ్యి నడుంకాడ ఏమో పట్టుకోని బిరబిరా పోయినాడు."

"మొగం?"

"అటు తిరిగి ఉన్నింది."

"తెలిసిన మనిషి మాదిరి అనిపిచ్చలేదా?"

గింజల మీద ఈశ్వరమ్మ వేళ్ళు మొదటిసారి ఆగాయి.

"లేదమ్మా" అంది. మళ్ళీ ఏరసాగింది.

నాజ్‌నీన్ సి.ఐ. వైపు తిరిగింది. "ఎడమ చెయ్యి సంగతి మీ స్టేట్‌మెంటులో లేదే సార్?"

"పరిగెత్తేవాడు చేతులు ఎలా పెట్టుకున్నాడో రాస్తే గ్రంథం అవుతుంది. రంగు చెప్పింది, మరక చెప్పింది. చాలు."

నాజ్‌నీన్ షెడ్డంతా కలయజూసింది. షెడ్డు మూలన అరుగు మీద రెండు ప్లాస్టిక్ బిందెలు ఉన్నాయి. ముందున్నది ఆకు రంగు, దాని వెనకది పసుపు. రెండూ నిండుగా ఉన్నాయి.

"దప్పికైతాందక్కా. ఆ పచ్చ బిందెలో నీళ్ళు రొంత ముంచుకోని రా."

ఈశ్వరమ్మ లేచింది. ఆకు రంగు బిందెను దాటుకుని పోయి, వెనకున్న పసుపు బిందెలో చెంబు ముంచింది.

నాజ్‌నీన్ నీళ్ళు తాగుతూ లక్ష్మీపతి ముఖమే చూసింది. ఆయన బిందెను చూశాడు, ఈశ్వరమ్మను చూశాడు.

"అది పసుపు రంగు కదా?"

"ఔ సార్, పచ్చ" అంది ఈశ్వరమ్మ, ఇందులో అడగాల్సింది ఏముందో అర్థం కానట్టు. "ఇది ఆకుపచ్చ. అది పచ్చ."

వెనక వరసలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ ఊర్లో పచ్చంటే చెట్టు రంగు సార్" అంది నాజ్‌నీన్. "ఈడ పచ్చంటే పసుపు. పచ్చకామెర్లు వచ్చినోని కండ్లు ఏ రంగులో ఉంటాయి? మీ ఊర్లో గూడా అదే రంగులో ఉంటాయి కదా. ఆమె ఒకటి చెప్పింది, మీరు ముందర 'ఆకు' తగిలిచ్చినారు. ఆ ఆకుతోనే ఈ పిల్లోని గొంతుకు ఉరి బిగిచ్చినారు."

లక్ష్మీపతి రెండు క్షణాలే తడబడ్డాడు.

"సరే, పసుపే అనుకుందాం. పసుపు చొక్కా ఎవడికుంది ఈ మిల్లులో? ఎవడికీ లేదు. కాబట్టి పొరబడింది ఆమె. నిన్న సాయంత్రం వీడికి ఆ చొక్కానే తొడిగి, ఆవరణలో ఆ లైటు కిందే నిలబెట్టి, ఈ కిటికీ నుంచి నేనే చూశాను. ఆకుపచ్చ ఆకుపచ్చలాగే ఉంది. కళ్ళు నాకూ ఉన్నాయండీ."

"ఏ లైటు కింద?"

ఆయన కిటికీలోంచి స్తంభం చూపించాడు.

బయటికి వచ్చి ఆమె స్తంభం కింద నిలబడింది. పైన ఎల్ఈడీ లైటు. మిల్లు అంటే పొట్టు దుమ్ము. గోడల మీద, తీగల మీద, ఇనప కమ్మీ మీద ఎర్రటి దుమ్ము పేరుకుని ఉంది. లైటు మీద మాత్రం చేతికి అంటేంత దుమ్ము కూడా లేదు. తీగ అతుకు దగ్గర చుట్టిన టేపు ఇంకా నిగనిగలాడుతోంది.

జీపులోంచి షారుక్ గొంతు వినిపించింది.

"మేడం, ఆడ ఆ పొద్దు పచ్చ లైటు ఉన్నింది. నన్ను పట్టుకోని పోయినాక ఎవురో మార్చినారు."

లక్ష్మీపతి గిరుక్కున తిరిగాడు. ఏదో అనబోయి ఆగాడు.

"పచ్చ అంటే?" అన్నాడు.

"పసుపు సార్. సోడియం లైటు. ముందు రోడ్ల మీద ఉండేటివే."

"దాన్ని ఎప్పుడో మార్పిచ్చినాం సార్."

ఆ మాట అన్నది మిల్లు యజమాని కేశవులు. పోలీసులకు టీ గ్లాసులు పట్టించుకుని వస్తున్నాడు. మల్లెపువ్వులాంటి చొక్కా, అంతే తెల్లటి పంచె. ఊరంతా ఆయన్ను సావుకారు అంటుంది. బయ్యన్న పోయిన దుఃఖం గొంతులో తగు మాత్రంగా ఉంది. హత్య జరిగిన వేళకు కదిరి బజారులో తన అంగడిలో ఉన్నానని మొదటి రోజే చెప్పాడు. లక్ష్మీపతి రాసుకున్నాడు, విచారించలేదు.

"ఎప్పుడో అంటే ఎప్పుడన్నా?" అంది నాజ్‌నీన్.

"వానలకు ముందే మేడం. ఆ లైటుకు కరెంటు ఎక్కువ కాలతాది."

"వానలకు ముందు బిగిచ్చిన లైటు మీద పొట్టు పడలేదా? ఈడ మనిషి గంటసేపు నిలబడితేనే తల ఎర్రగైతాది."

కేశవులు నవ్వాడు. "తుడిపిచ్చినాం."

"లైటును తుడిపిచ్చి కమ్మీని వదిలిపెట్టినారా?"

ఆయన టీ గ్లాసు ఆమె వైపు చాపాడు. ఆమె తీసుకోలేదు. లక్ష్మీపతి కూడా తీసుకోలేదు. తన పరీక్ష వేరే లైటు కింద జరిగిందన్న సంగతి ఆయనకు అప్పుడే ఎక్కింది. తప్పు రాసినందుకు కాదు, తనను మోసం చేసినందుకు ముఖం ఎర్రబడింది.

"పాత సామాను ఎక్కడ పడేస్తారు?" అని అడిగాడు.

"పాత గోడౌనులో సార్. తాళం ఇంట్లో ఉండాది."

"తాళం పగలగొట్టిస్తే బాగుండదు. తెప్పించండి."

తాళం ఇంటి నుంచి రాలేదు. కేశవులు జేబులోంచి వచ్చింది.

పాత గోడౌనుకు విత్తనాల గదిలోంచి దారి. ఆ గదిలోకి అడుగు పెట్టగానే లక్ష్మీపతి, "ఇదేంటయ్యా, మటన్ కొట్టులాగా" అన్నాడు. పైన గులాబీ రంగు బల్బులు వేలాడుతున్నాయి. వాటి కింద పోసిన విత్తనపు గింజలు అప్పుడే ఒలిచినట్టు ఎర్రగా, నవనవలాడుతున్నాయి. నాజ్‌నీన్ పిడికెడు గింజలు తీసుకుని వచ్చిన దారినే ఎండలోకి నడిచింది. పిడికిలి విప్పింది.

ఎండలో ఆ గింజలు ముడుతలు పడి, మాసి, ముసలివాళ్ళ చర్మంలా ఉన్నాయి. నూనెకు పోవాల్సిన పాత సరుకు.

"బయ్యన్న నీ దగ్గరే విత్తనం తీసుకున్నాడంట కదన్నా?"

కరీం సాబ్ నిన్ననే చెప్పాడు ఆ సంగతి. బయ్యన్నకు ముదిగుబ్బ దగ్గర మూడెకరాల చేను. ఈ ఏడు పడింది ఒకే ఒక్క వాన. ఆ పదునులో విత్తాడు. చేనంతా వెతికినా చేతి వేళ్ళన్ని మొలకలు లేవు. రెండో వాన రానే లేదు. అప్పటి నుంచి సాయంత్రమయ్యే సరికి గేటు దగ్గర సావుకారికి అడ్డం నిలబడి ఏదో అడుగుతున్నాడని, జీతం గొడవేమోనని కూలీలు అనుకున్నారట.

"మొలిచేది మొలవనిది వాన చేతిలో ఉండాది మేడం" అన్నాడు కేశవులు. "నా చేతిలో యాడుండాది?"

"బల్బు నీ చేతిలోనే ఉండాది కదన్నా."

ఆయన నవ్వలేదు ఈసారి.

గోడౌనులో కాలిపోయిన మోటార్లు, తెగిన బెల్టులు, తుప్పు జల్లెడలు. అన్నిటి మీదా దుమ్ము దుప్పటిలా ఉంది. వాటి మధ్య ఒక గోనె మూట శుభ్రంగా ఉంది. కానిస్టేబుల్ శివప్ప విప్పాడు. సోడియం లైటు, దాని చోక్‌తో సహా.

"లైటు మార్చడం నేరం కాదు సార్" అన్నాడు కేశవులు. "నాకు ఫోన్లు వస్తాండాయి. బయట ఉంటా." పంచె సర్దుకుని వెళ్ళిపోయాడు.

లక్ష్మీపతి గొంతు తగ్గించి అడిగాడు. "ఆ లైటుతో మీరేం నిరూపిస్తారు?"

"నాకు చెప్పడం రాదు సార్. చూపిచ్చేది వస్తాది. షారుక్‌కు ఒక చెయ్యి విప్పండి."

"నిందితుడికి బేడీలు విప్పమంటారా!"

"పారిపోతే మీకు కేసు ఇంకా సులువైతాది కదా."

ఆయన గుర్రుగా చూసి తాళంచెవి శివప్పకు విసిరాడు.

గోడౌనుకూ ఏరుడు షెడ్డుకూ మధ్య గోడలో ఒక కిటికీ ఉంది. నాజ్‌నీన్ ఈశ్వరమ్మను చేటతో సహా ఆ కిటికీ దగ్గర, షెడ్డు లోపల, తెల్లటి ట్యూబులైటు కింద కూర్చోబెట్టింది. ఇవతల కిటికీ ముందు బస్తాలు నడుమెత్తు పేర్పించింది. షెడ్డులోని రెండు బిందెలూ తెప్పించి గోడౌనులో పెట్టించి, ఆవరణ వైపున్న పెద్ద తలుపులు మూయించింది. దూలానికి కట్టిన లైటుకు షారుక్ తీగలు కలిపాడు. ఎడమ మణికట్టుకు వేలాడుతున్న బేడీ ఇనప కమ్మీకి తగిలి చప్పుడు చేస్తోంది.

స్విచ్చి వేస్తే లైటు వెలగలేదు. గాజు లోపల సన్నటి ఎరుపు మాత్రం రాజుకుంది.

"కాలిపోయిందా?" అన్నాడు లక్ష్మీపతి.

"కాగల్ల సార్" అన్నాడు షారుక్. "పొయ్యి మాదిరి. రొంత సేపు పడతాది."

చీకట్లో అందరూ దాన్నే చూశారు. ఎరుపు పెరిగింది, నారింజ రంగుకు తిరిగింది, చివరికి గోడౌను నిండా పసుపు పోసినట్టు పరుచుకుంది.

రెండు బిందెలూ అక్కడే ఉన్నాయి. పసుపు బిందె పసుపుగానే ఉంది. ఆకు రంగు బిందె బురదలో దొర్లించి తీసినట్టు నల్లబడింది. లక్ష్మీపతి దగ్గరికి వెళ్ళి దాన్ని చేత్తో తడిమాడు.

"షారుక్ చొక్కా ఈ లైటు కింద ఈ బిందె మాదిరే కనపడల్ల" అంది నాజ్‌నీన్. "ఆమె అట్లాంటిది చూడలేదు. పచ్చది చూసింది. ఇప్పుడు మీ చేతిరుమాలు తియ్యండి."

తెల్ల చేతిరుమాలు ఆయన జేబులోంచి పసుపు గుడ్డగా బయటికి వచ్చింది. లక్ష్మీపతి దాన్ని అటూ ఇటూ తిప్పాడు. కిటికీ దగ్గరికి పోయి ట్యూబులైటు వెలుతురులో పెట్టి చూశాడు. తెలుపు. మళ్ళీ వెనక్కి తెచ్చాడు. పసుపు.

"తెల్ల చొక్కా" అన్నాడు తనలో తాను. అంతలోనే తలెత్తాడు. "మరి గ్రీజు?"

"శివప్పన్న మొగం చూడండి."

శివప్ప పొద్దున్నే నుదుటి నిండా కుంకుమ పెట్టుకుని డ్యూటీకి వచ్చే మనిషి. ఇప్పుడు నుదుటి మీద మసి పూసినట్టుంది.

"నల్లగా ఉంది" అన్నాడు సి.ఐ.

"కుంకుమైనా అంతే, నెత్తురైనా అంతే సార్, ఈ లైటు కింద. ఆమె గ్రీజు అనుకునింది. గ్రీజు అన్నాక మెకానిక్ కాక ఇంకెవురు? ఆమె అబద్ధం చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. లైటు ఒకసారి మార్చింది, మీరు ఇంకోసారి మార్చినారు."

ఆయనకు ఆ మాట గుచ్చుకుంది. "తెల్ల చొక్కాలు ఈ జిల్లాలో సగం మందికి ఉంటాయి నాజ్‌నీన్ గారూ. లైటు మార్చాడని మనిషిని హంతకుడు అనలేను. కోర్టు నవ్వుతుంది."

"అనొద్దు. నేనూ అనను. మీ సాక్షి ఒకటి దాచుకోని ఉండాది. తెలిసిన మనిషా అని అడిగితే ఆమె చేతులు నిలిచిపోయినాయి. శివప్పన్నా, రొంత సావుకారిని పిలువు. సంతకం కావల్లని చెప్పు. ఆ దిడ్డి తలుపులోంచే రమ్మను."

లక్ష్మీపతి కాదనలేదు. జేబులోంచి పెన్ను తీసి మూత బిగించాడు, తీశాడు, మళ్ళీ బిగించాడు. షారుక్ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

పెద్ద తలుపులో ఉన్న చిన్న దిడ్డి తెరుచుకుంది. ఒక్క క్షణం ఎండ లోపలికి పడింది. ఆ ఎండలో కేశవులు తెల్లగా ఉన్నాడు. గడప ఎత్తుగా ఉంది. ఎడమ చేత్తో పంచె కుచ్చెళ్ళు ఎగబట్టి నడుము దగ్గర అదుముకుని, గడప దాటి గబగబా బస్తాల వెనక నుంచి నడిచాడు. వెనక తలుపు మూసుకుంది.

చొక్కా పచ్చబడింది.

"ఎవురు ఈడ కరెంటు..." అంటూ చెయ్యి ఎత్తిన కేశవులు ఆ చేతి కేసే చూస్తూ ఆగిపోయాడు. మోచేతి దాకా పసుపు. తల వంచి తన ఛాతీ చూసుకున్నాడు. పైనున్న లైటు చూశాడు. కుచ్చెళ్ళు పట్టుకున్న పిడికిలి మాత్రం వదలడం మరిచిపోయాడు.

కిటికీ అవతల చేట కింద పడింది. గింజలు బండల మీద దొర్లిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

లక్ష్మీపతి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఈశ్వరమ్మ రెండు చేతులతో కిటికీ కమ్మీలు పట్టుకుని ఉంది. ఆమె వెనక ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

"ఏం చూశావమ్మా?"

"ఆ పొద్దే అనుకున్న్యా సార్." ఆమె కమ్మీలు వదల్లేదు. "ఆ నడక, ఆ చెయ్యి చూసి సావుకారే అనుకున్న్యా. మళ్ళా నాకు నేనే చెప్పుకున్న్యా, సావుకారు పచ్చ చొక్కా యాడ తొడుగుతాడు అని. ఇన్నేండ్లలో తెల్లది తప్ప ఇంకోటి తొడగంగ చూళ్ళేదు సార్. అందుకే నోరు మూసుకున్న్యా. పాపం తగులుతాదని."

"ఈశ్వరమ్మా" అన్నాడు కేశవులు. అరవలేదు. రోజూ పని చెప్పే గొంతే. "ఈ మిల్లు మూతపడితే మీరంతా యాడికి పోతారో తెలుసు కదా. చేన్లల్లో ఏముండాది ఈ ఏడు? చూసుకోని మాట్లాడు."

ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. ఆయన అన్నది నిజం. బయట చుట్టుపక్కల చేలన్నీ ఒకే రంగులో ఉన్నాయి, ఆ రంగును ఏ లైటూ మార్చదు. ఈ షెడ్డు తప్ప వాళ్ళకు వేరే కూలి లేదు. ఈశ్వరమ్మ వెనక్కి తిరిగి వాళ్ళను చూసింది. ఒక్కరూ తలెత్తలేదు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

దిడ్డి తలుపు బయట నుంచి కరీం సాబ్ దగ్గు వినిపించింది. జీపు దగ్గర నుంచి ఎప్పుడు వచ్చాడో, తలుపుకు అవతల నిలబడి ఉన్నాడు.

"బయ్యన్న మొలకలు రాలేదని అడిగినాడు సార్" అంది ఈశ్వరమ్మ. "అంతే అడిగినాడు. ఇంకేమీ అడగలేదు. ఆయప్పను కొట్టింది సావుకారే."

లక్ష్మీపతి కొత్త కాగితం తీసి బస్తా మీద పరిచాడు. పెన్ను మూత తీశాడు. రాయలేదు.

"సావుకారు అంటే?" అన్నాడు. "ఈ ఊళ్ళో అంగడి ఉన్న ప్రతివాడినీ సావుకారనే పిలుస్తున్నారు. నీ మాట ఒకసారి నేను తప్పు రాశాను. రెండోసారి రాయను. పేరు చెప్పమ్మా."

ఈశ్వరమ్మ నోరు తెరిచి ఆగింది. ఆ షెడ్డులో ఎవరూ ఎన్నడూ ఆయన పేరు పలకలేదు. ఎదుట గాని, వెనక గాని, తిట్టుకునేటప్పుడు గాని.

కేశవులు ఒక అడుగు ముందుకు వేశాడు. శివప్ప అడ్డం నిలబడ్డాడు.

ఆమె కిటికీ కమ్మీలు వదిలింది. చేతులకు అంటిన పొట్టును కొంగుకు తుడుచుకుంది.

"కేశవులు" అంది.

పెన్ను కదలకపోయే సరికి, సరిగ్గా వినపడలేదేమోనని, ఇంకాస్త గట్టిగా చెప్పింది.

"కేశవులు. అట్లనే రాయి సార్."